ప్లోనా మెడలో పాముబిళ్ళ

మొన్న ప్రాగ్ నుంచి ఒక పెద్దమనిషి దిగాడు మా ఊళ్ళో. వేళ్ళనిండా ఉంగరాలు, గుర్రం పట్టుకోడానికి వెనకాల ఒక నౌకరు. పాత వెండి నాణేలు పోగు చెయ్యడం ఆయనకి సరదాట. వెనకటి దొరలు మా టంకశాలలో కొట్టించిన పాముబిళ్ళ ఎవరి దగ్గరైనా ఉందా అని ఇల్లిల్లూ అడుగుతూ తిరిగాడు. ఎక్కడుంటుంది? పెద్ద పెద్ద ఖజానాల్లో వెతికినా కనపడలేదని ఆయనే అన్నాడు. బిళ్ళ లేకపోతే పోనీ, దాని కథైనా చెప్పండి అన్నాడు. మా వీధివాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? చెప్పారు. పిరికి ప్లోనా అని ఒకత్తి ఉండేదిట. మహమ్మారి వచ్చిన ఏడు కన్నకూతురి మెడలో పడాల్సిన బిళ్ళ లాక్కుని తన మెడలో వేసుకుందిట. దేవుడు ఊరుకోలేదుట, అదే చచ్చిందిట, పిల్ల బతికిందిట. ఆ పెద్దమనిషి అయ్యయ్యో అంటూ విన్నాడు.

నేను వాకిట్లో కూర్చుని లేసు అల్లుకుంటున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆ చెప్పినవాళ్ళు అప్పటికి పుట్టనైనా పుట్టలేదు. ప్లోనా పక్కన కూర్చుని రాళ్ళు కొట్టినదాన్ని నేను. దాని కూతురికి జ్ఞానస్నానం నాడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లిని నేను. సిబిల్లా అనే ముసలిది ఇంకా బతికే ఉంది కదా, దాన్నొక మాట అడుగుదామని ఒక్కడికీ తోచలేదు. అందుకని అడక్కపోయినా చెప్తున్నాను, వినండి.

అది పిరికిదన్న మాట నిజమే. అందులో అబద్ధం లేదు. అసలు పేరు అపొలోనియా. సాక్సనీ వైపు కొండల్లోంచి పని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల. గనిలోంచి పైకి వచ్చిన రాళ్ళని పగలగొట్టి, వెండి ఉన్న రాయి ఒకవైపు, వట్టి రాయి ఒకవైపు వేసే బల్ల దగ్గర మేమంతా పని చేసేవాళ్ళం. ఉరిమితే బల్ల కిందకి దూరేది. మా ఇళ్ళ కింద అంతా సొరంగాలే కదా, తవ్వుతుంటే నేల అడుగునుంచి టకటకమని వినిపిస్తుంది. మాకది వర్షం చప్పుడు లాంటిది, పట్టించుకోం. అది మాత్రం చెంచా కింద పడేసి, గని దెయ్యం తలుపు కొడుతోంది వదినా అనేది, నన్ను అలా వరస కలుపుకుని పిలిచేది. మీ ఆయనేమో, చూడు పో అని మేము ఏడిపించేవాళ్ళం.

వాళ్ళాయన పేరు ఫైట్. టంకశాలలో సమ్మెట కొట్టేవాడు. ఒకడు అచ్చు పట్టుకుంటే ఒకడు కొట్టాలి. ఏళ్ళ తరబడి ఆ చప్పుడుకి చెవులు పోయాయి. చెవిటివాడికీ పిరికిదానికీ పెళ్ళి, ఇంతకన్నా మంచి జోడీ దొరకదు, దీని కేకలు వాడికి వినపడవు అని ఊరంతా నవ్వింది. చాలా బాగా బతికారు లెండి, నవ్వినవాళ్ళకన్నా.

మా నాన్న వచ్చేనాటికి ఈ లోయంతా అడవి, తోడేళ్ళు. వెండి పడిందని తెలిశాక చూడాలి జనం. చెట్లు కొట్టిన చోట కొట్టినట్టే ఇళ్ళు లేచాయి, కొండ మీద చర్చి, సారా దుకాణాలు, దొరలకి టంకశాల. మా ఈ యోవాఖిమ్ లోయలో పుట్టిన నాణెం కాబట్టి, లోయని మా భాషలో థాల్ అంటాం కనక, దాన్ని థాలర్ అన్నారు. ఇప్పుడు ఏ దేశంలో పెద్ద వెండి నాణెం కొట్టినా అదే పేరు. ఎక్కడో ఎవడో మా ఊరి పేరు చెప్పి గుర్రం కొనుక్కుంటున్నాడు, ఇక్కడ మేమేమో గంజి తాగుతున్నాం. తరవాత రాజుగారు టంకశాలని దొరల దగ్గర్నుంచి లాగేసుకున్నారు. వెండి కూడా పల్చబడిపోయింది.

పాముబిళ్ళ ఆ దొరల కాలం నాటిది. అది బజారులో మారడానికి కొట్టింది కాదు, మెడలో వేసుకోడానికి. ఒకవైపు మోషే ఎడారిలో కర్ర మీద ఎత్తిన కంచు పాము, దాని కింద పాములు కరిచి పడిపోయిన జనం. ఆ పాముని చూసినవాళ్ళు బతికారని బైబిల్లో ఉంది కదా. రెండోవైపు శిలువ మీద ప్రభువు. మెడలో అది ఉంటే మహమ్మారి దగ్గరికి రాదని మా నమ్మకం. ఫైట్ కుర్రతనంలో వాటిని తన చేత్తో కొట్టాడు. పెళ్ళికి టంకశాల పెద్ద ఒకటి కానుకగా ఇచ్చాడు. కరువు రోజుల్లో అందరూ తమ తమ బిళ్ళల్ని కరిగించుకుని తినేశారు. చివరికి మా వీధి మొత్తానికి ప్లోనాది ఒక్కటే మిగిలింది.

వెండి బిళ్ళని నమ్ముకోకండి, దేవుణ్ణి నమ్ముకోండి అని పాదిరిగారు చర్చిలో చెప్పేవారు. మేము బుద్ధిగా తల ఊపి బయటికొచ్చి, బిళ్ళని కళ్ళకద్దుకునేవాళ్ళం.

ఫైట్ జ్వరం వచ్చి పోయాడు. అంతకు ముందే ఇద్దరు పసివాళ్ళు పోయారు. మిగిలింది ఒటీలియా ఒక్కతే. అప్పటికి దానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇక ప్లోనా భయాలన్నీ ఆ పిల్ల చుట్టూ చేరాయి. బావి దగ్గరికి వెళ్ళనివ్వదు, మేకని ముట్టుకోనివ్వదు. వేసవిలో లైప్జిగ్ బండ్లవాళ్ళతో పాటు మహమ్మారి కింది వీధిలోకి వచ్చిందని తెలియగానే, పాముబిళ్ళని ఉన్ని సంచీలో పెట్టి, ఎర్ర దారంతో పిల్ల మెడలో కట్టింది. ఇది నీ మెడలో ఉన్నంతకాలం నీకేమీ కాదే తల్లీ, తీసావంటే చచ్చిపోతావు అని చెప్పింది. పిల్ల నిద్రలో కూడా దాన్ని పిడికిట్లో పట్టుకునేది.

ఆ రోజులు ఎలా ఉండేవో ఏం చెప్పను. వీధంతా పొగ, జునిపెర్ కొమ్మలు కాల్చి గుమ్మాల్లో పెట్టేవాళ్ళం. తుమ్ము వస్తే గుటక వేసి మింగేసేవాళ్ళం. ఎవరైనా జబ్బుపడ్డారని తెలిస్తే చాలు, ఊరిపెద్దలు పెట్టిన మనుషులు వచ్చి తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టి పోయేవారు. లోపల ఎవరుంటే వాళ్ళు లోపలే. బతికితే చెక్కలు ఊడతాయి, లేకపోతే శవాల బండి వస్తుంది. పొద్దున్నే లేచి నేను ముందు చంకలు తడుముకునేదాన్ని, గడ్డ ఏదైనా లేచిందేమోనని. మా ఆయనా అంతే. ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునేవాళ్ళం కాదు.

మా వీధిలో మొదట పడ్డవాడు గని మేస్త్రీగారి అబ్బాయి యోస్ట్. మేస్త్రీ భార్య వాల్పుర్గా అంటే మా అందరికీ హడల్. ఎవరి మొగుడికి ఏ సొరంగంలో పని పడాలో ఆవిడ వంటింట్లో తేలేది. చెక్కలవాళ్ళు కూడా ఆవిడ గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని పోయారు. ఆవిడ నేరుగా ప్లోనా ఇంటికి వచ్చి పాముబిళ్ళ ఇమ్మంది.

జబ్బింటివాళ్ళు వచ్చి అడిగితే పాముబిళ్ళ లేదనకూడదు. అది మా కట్టుబాటు. లేదన్నవాళ్ళ మీదకే జబ్బు మళ్ళుతుందని చెప్పేవారు. ఆ సంగతి ప్లోనాకి తెలుసు. తెలిసీ, ఎక్కడో పోయిందమ్మగారూ, వెతుకుతున్నాను అని నీళ్ళు నమిలింది. వెనకాల పిల్ల మెడలో ఎర్రదారం కనపడుతూనే ఉంది.

వాల్పుర్గా అరవలేదు. చాలా నెమ్మదిగా అంది. "ఆదివారం చర్చిలో నీ పిల్ల తుమ్మింది ప్లోనా. నేను చూశాను. చెక్కలవాళ్ళకి చెప్పమంటావా?"

ప్లోనా పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్ల ఏడుస్తుంటే దారం విప్పి ఇచ్చేసింది. ఆ తరవాత నా దగ్గరికి వచ్చి కూలబడింది. నాకూ భయంగానే ఉంది, ఏం చెప్పి ఓదార్చను? తిరిగి వచ్చేస్తుందిలే అన్నాను.

యోస్ట్ బతికాడు. చంకలో గడ్డ పగిలి, జ్వరం దిగి, గంజి అడిగాడు. ఇక చూసుకోండి. పాముబిళ్ళ మహిమ వీధి వీధంతా పాకింది. మేస్త్రీగారింటి నుంచి రొట్టెలవాళ్ళింటికి, అక్కణ్ణుంచి చర్మాలవాళ్ళింటికి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో. బీరులో ముంచి తాగించారు, గడ్డల మీద రుద్దారు, నాలిక కింద పెట్టారు. తిరిగిచ్చేటప్పుడు కడక్కూడదు, సంచీ మార్చకూడదు. కడిగితే మహిమ పోతుంది. బతికినవాళ్ళు బిళ్ళవల్ల బతికారు. చచ్చినవాళ్ళు బిళ్ళ ఆలస్యంగా వచ్చి చచ్చారు. అందరం అలాగే అనుకున్నాం, నేను కూడా.

ఇంట్లో ఒటీలియా నా బిళ్ళేది, నేను చచ్చిపోతానా అని ఒకటే ఏడుపు. ప్లోనా ఆ ఏడుపు వినలేక బిళ్ళ వెనకాల తిరగడం మొదలుపెట్టింది. నన్ను తోడు రమ్మనేది. ముక్కులకి వెనిగర్ గుడ్డలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మేము ఒక ఇంటికి చేరేసరికి అది ఇంకో ఇంటికి వెళ్ళిపోయి ఉండేది. రొట్టెలావిడ పోయింది, ఆవిడ మెడలోంచి సంచీ విప్పి తీసుకెళ్ళిన చెల్లెలికి మర్నాడే జ్వరం అన్నారు. చర్మాలవాళ్ళింట్లో ముసలాయన ఒక్కడికి జబ్బని బిళ్ళ పట్టుకెళ్ళారు, తరవాత ఇల్లంతా మంచం పట్టింది.

ఒకచోట మాకు కనపడింది. కిటికీలోంచి చూశాం. ఒక పసివాడి గుండె మీద ఉంది సంచీ. నల్లగా, జిడ్డుగా, తడిగా. ఆ వాసన వెనిగర్ గుడ్డలోంచి కూడా తగిలింది. ప్లోనా నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళు దిగాయి.

"నేను కుట్టిన సంచీ కాదది వదినా," అంది. "అది అందరి జబ్బూ తాగింది. మళ్ళీ నా పిల్ల మెడలోకి రాకూడదు."

అలా అనకే, బిళ్ళకి కోపం వస్తుంది అని దాని నోరు మూశాను. అది తెలిసి అన్నదని నేను చెప్పను. జబ్బు ఎలా అంటుకుంటుందో మంగలి వైద్యుడికీ తెలీదు, పాదిరిగారికీ తెలీదు, దానికేం తెలుస్తుంది? భయం, అంతే. ఉరుముకి భయపడ్డట్టే ఆ సంచీకీ భయపడింది. అప్పటిదాకా బిళ్ళ రాదేమోనని భయం, ఆనాటి నుంచీ వస్తుందేమోనని భయం.

వచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక, అందరూ చూస్తుండగా, వాల్పుర్గా ఆ సంచీని పళ్ళెంలో పెట్టుకుని వీధిలో నడుచుకుంటూ వచ్చింది. వెనకాల ఆడవాళ్ళంతా పాట పాడుతూ. ఇన్ని మెడలు తిరిగిన బిళ్ళకి బలం తగ్గుతుందని, మళ్ళీ సొంత మెడలో కొన్నాళ్ళు ఉంటే గానీ ఇంకొకళ్ళకి పనిచెయ్యదని మా వాళ్ళ లెక్క. సొంత మెడ అంటే ఒటీలియాది. ఎంతోమంది ఇళ్ళలో మంచాల మీద మనుషులు ఎదురుచూస్తున్నారు. ఆ రోజు ఆ పిల్ల మెడలో బిళ్ళ పడాలని కోరుకోనివాళ్ళు వీధిలో లేరు.

ఒటీలియా నా పక్కన వీధిలో ఉంది. బిళ్ళని చూడగానే దానికి ప్రాణం లేచొచ్చింది. నా చెయ్యి విదిలించుకుని, మెడ వంచుకుని వాల్పుర్గా ముందుకి పరిగెత్తింది. ప్లోనా గుమ్మంలో నిలబడి ఉంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. వద్దంటే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. పదిమంది చేతులు పట్టుకుంటారు, ఒకరు కడతారు.

ప్లోనా గుమ్మం దిగి వచ్చి పిల్లని పక్కకి తోసింది. పిల్ల కిందపడింది. పళ్ళెంలోంచి సంచీ తీసుకుని తన మెడలో కట్టుకుంది. మొదటిసారి ముడి పడలేదు, మళ్ళీ కట్టింది.

"నాకు జ్వరం వచ్చింది," అంది. "బిళ్ళ నాకే కావాలి."

జబ్బుమనిషి మెడలో పడ్డ బిళ్ళని ఆ జబ్బు తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అదీ మా కట్టుబాటే. పాట ఆగిపోయింది. అందరూ వెనక్కి జరిగారు. అది గుమ్మంలోకి వెళ్ళి తనే తలుపేసుకుంది. పిల్ల లేచి తలుపు దగ్గరికి వెళ్ళబోతే నేను నడుం పట్టుకుని లాగాను. అమ్మా నా బిళ్ళ, నా బిళ్ళ నువ్వెందుకు తీసుకున్నావ్ అని అది కొట్టుకుంటూనే ఉంది. ఇలాంటి తల్లి కుక్కలకి కూడా ఉండదు అని వాల్పుర్గా అంది. అందరూ అవునన్నారు. మధ్యాహ్నానికి చెక్కలవాళ్ళు వచ్చి మేకులు దిగగొట్టి పోయారు.

నిజం చెప్పనా? నేనూ తిట్టుకున్నాను. భయం ముదిరి బుద్ధి చెడిందనుకున్నాను. పిల్లని మా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇల్లు వాళ్ళింటికి ఎదురే. మర్నాడు రొట్టెలు పొయ్యిలో పెట్టే పొడుగు చెక్క గరిటె మీద రొట్టే, బీరు పులుసూ పెట్టి దాని కిటికీకి అందించాను. అది వచ్చి తీసుకుంది. మొహం మామూలుగా ఉంది. కళ్ళు మామూలుగా ఉన్నాయి. జ్వరం మొహం కాదది.

నాకప్పుడు వెలిగింది. "జ్వరం లేదు కదే నీకు," అన్నాను.

పిల్ల మెడ ఎలా ఉంది, గడ్డలేమైనా తగిలాయా అని అడిగింది. లేవన్నాను. బాగా చూశావా అంది. చూశానన్నాను. మళ్ళీ చూడు వదినా అంది.

మరి ఆ పాడు సంచీ తీసి పొయ్యిలో పడెయ్యవే, ఎవరు చూస్తారు అని బతిమాలాను. నా కోపం ఆపుకోలేక అరిచాను కూడా. అది సంచీ మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "నిజంగా మహిమ ఉంటేనో?" అంది. "నేను పొయ్యిలో వేస్తే పిల్లకేమైనా అయితేనో? నాకు రెండిటికీ భయమే వదినా. ఇక్కడే ఉండనీ."

ఈ సంగతి తరవాత నేను వీధిలో చెప్పాను, చెప్పలేదనుకోకండి. ఒక్కరు వినలేదు. ఎలా వింటారు? ప్లోనా భయం నిజమైతే, చచ్చినవాళ్ళ మెడలో ఆ సంచీ ఎవరు కట్టినట్టు? కన్నవాళ్ళే, కట్టుకున్నవాళ్ళే కదా. దానికన్నా ప్లోనా దొంగతల్లి అనుకోవడం సుఖం. అలాగే అనుకున్నారు, పిల్లలకి అలాగే చెప్పారు, ప్రాగ్ పెద్దమనిషికీ అలాగే చెప్పారు. బిళ్ళని దాని మెడలోంచి విప్పడానికి బండివాళ్ళకి ధైర్యం చాలక, దానితోనే సున్నం గోతిలో పూడ్చారు. కావాలంటే తవ్వుకోమనండి ఆయన్ని.

ఒటీలియాకి మాత్రం జబ్బు మా లోయ వదిలి వెళ్ళాక నేను చెప్పాను. అది చాలారోజులు నాతో మాట్లాడలేదు. ముందే ఎందుకు చెప్పలేదని కోపం. ఇప్పుడు నలుగురు పిల్లల తల్లి, నాకు గంజి పోసేది అదే. ఇప్పటికీ అదే అడుగుతుంది. ఎందుకు చెప్పలేదంటే, ప్లోనా చెప్పనివ్వలేదు కనక. ఆ చివరి రోజు సంగతి కూడా చెప్పేసి ఊరుకుంటాను.

అప్పటికి దానికి నిజంగానే వచ్చేసింది. గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చింది. మెడ పక్కన వాచింది. నేను గరిటె పట్టుకుని వీధి మధ్య నిలబడి ఏడుస్తున్నాను. ఒటీలియా మా గుమ్మంలోకి వచ్చింది. తల్లిని చూసింది, తల్లి మెడలో సంచీని చూసింది.

"అది నాది," అని అరిచింది. "నువ్వు చచ్చిపోయినా నేను ఏడవను."

నేను పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించాను. ఇక చాలు, దానికి చెప్పేస్తాను ప్లోనా, నా వల్ల కాదు అన్నాను. ప్లోనా కిటికీ చట్రం పట్టుకుంది. నేను దాన్ని ఎన్ని రకాలుగా భయపడగా చూశానో, కానీ అలా ఎప్పుడూ చూడలేదు.

"చెప్పకు వదినా, నీకు దణ్ణం పెడతాను. తెలిస్తే ఇక్కడికి పరిగెత్తుకొస్తుంది. పట్టుకున్నా ఆగదు. కోపంగా ఉండనీ."

నేను నోరు మూసుకున్నాను. ఒటీలియా మొహం తిప్పుకుని లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

"లోపలికి వెళ్ళిందా?" అని అడిగింది ప్లోనా. దానికి అంతదూరం సరిగా కనపడటం లేదు.

"వెళ్ళింది," అన్నాను.

"అమ్మయ్య," అంది.